ఆ 41 లిప్‌స్టిక్‌ల సంగతి

మారతహళ్లిలో మన ఫ్యాన్సీ షాపుకి వచ్చే అక్కలకూ చెల్లెళ్లకూ,

కొత్త లిక్విడ్ లిప్‌స్టిక్‌లు ఏవని అడిగితే అయిపోయాయన్నాను. అది అబద్ధం.

ఒక పాత కస్టమర్ మెరూన్ షేడ్ కొంది. ఇంటికెళ్లి తెరిస్తే బ్రష్ మీద ఎండిపోయిన పింక్ చార. మెరూన్ ట్యూబులో పింక్! సీలు స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్ చింపిన ముక్క. తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఏమీ అనకుండా నిలబడింది. తిట్టినా బాగుండేది.

48లో 7 అమ్మాను. మిగతా 41 ట్యూబుల స్టిక్కర్లూ గోటితో లేపి చూశాను. 13 వాడినవే. తొమ్మిదేళ్లుగా సరుకిస్తున్న హోల్‌సేలర్‌కి ఫోన్ చేస్తే, "రిటర్న్ పీసులమ్మా, స్పిరిట్‌తో తుడిచాం, ఏం కాదు" అన్నాడు. నాకా చెప్పేది? పెదవికి తగిలిన బ్రష్ మళ్లీ ట్యూబులోకే పోతుంది. పైన తుడిస్తే లోపలి ఎంగిలి పోతుందా?

పెదవి అంచున నీటిపొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్, 50 ఏళ్లలోపు వాళ్లలో 64 శాతం మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొక్కు లేని రోజు కూడా ఎంగిలిలో ఉండొచ్చు. వస్తువుల ద్వారా అంటుకునే అవకాశం తక్కువే, ఎక్కువగా మనిషి నుంచి మనిషికే వస్తుంది. కానీ ఒకసారి చేరితే నరాల్లో దాక్కుని జన్మంతా ఉంటుంది. గ్లాసు ఎంగిలైతే కడుగుతాం, లిప్‌స్టిక్ మాత్రం అక్కాచెల్లెళ్లు చేతులు మార్చుకుంటాం. నేనూ మార్చుకున్నదాన్నే.

"తిరిగిచ్చెయ్, 9,430 రూపాయలు వస్తాయి" అన్నారు మా ఆయన. నిజమే, అద్దె కట్టాలి. కానీ తిరిగిస్తే అవి ఇంకో షాపులో తేలతాయి. మూడు రాత్రులు నిద్ర లేదు. చివరికి బాగున్నట్టు కనిపించిన 28 కూడా నమ్మబుద్ధి కాక, అన్నీ విరిచి చెత్తలో వేశాను. రెండు రోజులు గోళ్లల్లో రంగు పోలేదు.

మిగతా ఆరుగురూ మీ ట్యూబులు తెచ్చివ్వండి, బిల్లు అడగను. పొక్కులు లేస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి, మందు మొదట్లోనే బాగా పనిచేస్తుంది. పెదవుల టెస్టర్లు తీసేశాను. షేడ్ కావాలంటే కొత్త ఇయర్‌బడ్‌తో మీ చేతి మీద వేసి చూపిస్తాను. పెళ్లికూతురైనా సరే, పెదవి మీద వేసి చూడనివ్వను.

ఆ హోల్‌సేలర్ నిన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. కొత్త సరుకు శుక్రవారం వేరేచోటి నుంచి వస్తుంది, ఒక్కోటి 30 రూపాయలు ఎక్కువ. మెరూన్ తెచ్చిన అక్కకి మాత్రం పాత రేటే.