ఆ 'డాక్టర్' బిరుదును వెనక్కి తీసుకోండి: ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛాన్సలర్ గారికి,

నమస్కారం. ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

అవినీతి కేసులో శిక్ష పడిన మాజీ మంత్రి పేరు ముందు మన విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుగా ఇచ్చిన 'డాక్టర్' ఇంకా అలాగే ఉంది. బెయిలుపై బయటికొచ్చినప్పుడు కట్టిన ఫ్లెక్సీల మీదా అదే. నేను ఇక్కడే ఏడేళ్లు కష్టపడి పీహెచ్‌డీ చేశాను. ఈరోజుకీ గంటల లెక్కన పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్‌ని. ఆ ఫ్లెక్సీ చూసి మా అమ్మ, "ఆయనా నువ్వూ ఒకే డాక్టరా?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

పద్మ పురస్కారాన్ని సైతం రద్దు చేసే అధికారం రాష్ట్రపతికి ఉంది. జింబాబ్వే నేత రాబర్ట్ ముగాబేకు 1984లో ఇచ్చిన గౌరవ డాక్టరేటును ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 2007లో ఉపసంహరించుకుంది. వాళ్లకు 23 ఏళ్లు పట్టింది, నిజమే. మనకు అంత అక్కర్లేదు.

దయచేసి పాలకమండలిని సమావేశపరచి ఈ డాక్టరేటును రద్దు చేయించండి. అప్పీలు నడుస్తోందంటే, తీర్పు వచ్చేదాకా సస్పెండ్ చేయండి. శిక్ష పడినవారి గౌరవ పట్టా రద్దయ్యేలా నిబంధన రాయించండి. ఈసారైనా లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

భవదీయుడు,
మీ విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థి