పక్కింటివాడికి కూడా ఒక నోటీసు పంపండి

పురపాలక శాఖను కూడా చూస్తున్న గౌరవ తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. మా పక్కింటాయన తన ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాడు. దాన్ని ఆపించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కొడుకు పెళ్లి కుదిరింది. ఉన్న గదుల్లో కోడలొస్తే ఎట్లా సర్దుకుంటారు? వేసుకోవాల్సిందే. నేను అడిగేదల్లా ఆయన అనుమతి ఫైలులో నా మాట చెప్పుకునే చోటు.

ఇప్పుడు జరుగుతున్నది ఇదీ. ఓ ఆదివారం ఆయన గేటు దగ్గర నిలబడి, "అన్నా, పైన రూములేస్తున్నం. మీ దిక్కు స్లాబు జర రెండు ఫీట్లు బయటికొస్తది, ఏమనుకోకుండ్రి" అన్నాడు. "సరే తమ్మీ, చూద్దాం" అన్నాను. నాకు అందిన నోటీసు అంతే, నేనిచ్చిన జవాబూ అంతే. గట్టిగా "సరే" అంటే, రేపు వాననీళ్లు మా గోడ మీద పడ్డప్పుడు "ఆనాడు నువ్వే ఒప్పుకుంటివి కదా" అంటారు. "వద్దు" అంటే ఇన్నేళ్ల పొత్తు చెడుతుంది. వచ్చే బతుకమ్మకు మా ఆవిడ ఒక దగ్గర, వాళ్లావిడ ఇంకో దగ్గర ఆడాల్సి వస్తుంది.

రెండడుగులే కదా అని మీ అధికారులకు అనిపించవచ్చు. ఆయనది రెండు వందల గజాలకు కాస్త తక్కువ ప్లాటు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం అలాంటి స్థలంలో పక్కన వదలాల్సింది ఒక్క మీటరు. మూడడుగుల మూడంగుళాలు. అందులో రెండడుగులు పైన స్లాబు తీసుకుంటే మిగిలేది అడుగుంబావు. మా వంటింటి కిటికీ తెరుచుకునేది ఆ సందులోకే. పొద్దున పదింటి దాకా లైటు వేయకుండా వంట అయ్యేది ఆ కిటికీ పుణ్యమే. పోపు ఘాటు బయటికి పోయేదీ అటే. కింద గోడ రూలు ప్రకారమే ఉంటుంది కాబట్టి, ఎవరైనా వచ్చి టేపు పెట్టి కొలిస్తే మీటరు ఉన్నట్టే లెక్క. తల పైకెత్తి చూసేవాళ్లు తక్కువ.

అనుమతుల విషయంలో పాత రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. ఫైలు టేబుల్ మీద కదలడానికి ఎవరెవరికి ఏం ముట్టజెప్పాల్సి వచ్చేదో నా ఇల్లు కట్టుకున్నప్పుడు చూశాను. 2020లో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. 75 గజాల లోపు వాళ్లకు ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చాలన్నారు. 500 చదరపు మీటర్ల దాకా, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి అన్నారు. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ పద్ధతి తెచ్చి, ప్లాన్‌ను కంప్యూటరే చూసేస్తుందన్నారు. అంతా బాగుంది. అయితే కంప్యూటర్ చూసేది దానికి అప్‌లోడ్ చేసిన ప్లాన్‌ను. మున్సిపాలిటీకి ఇచ్చే ప్లాన్ ఒకటి, మేస్త్రీ చేతిలో ఉండేది ఇంకొకటి అన్న సంగతి రాష్ట్రంలో ఇల్లు కట్టిన ఎవరినడిగినా చెప్తారు. ఈ రెండింటికీ తేడా అందరికంటే ముందు కనిపించేది పక్కింటివాడికి. మీ సిస్టమ్‌లో లేనిదీ అతనే.

ఫిర్యాదు చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. స్వీయ ధ్రువీకరణలో అబద్ధం చెప్తే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం మీ చట్టంలోనే ఉంది. కానీ అది పని అయ్యాక మాట. సెంట్రింగ్ కొట్టేటప్పుడు చెక్కలు రెండడుగులు లోపలికి జరపడం పూట పని. స్లాబు పోసి, ఇనుమూ సిమెంటూ అంతా ఖర్చయ్యాక ఆ రెండడుగులు కోయాలంటే మిషన్ రావాలి, పోలీసులు రావాలి, ఆయన స్టే తెచ్చుకుంటే కోర్టూ రావాలి. ఇదంతా నా ఫిర్యాదు మీద జరగాలి. అంత పంతం నాకు లేదు. చాలామందికి ఉండదు. అందుకే ఊరుకుంటారు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ సణుగుతారు.

కోర్టు సంగతీ కనుక్కున్నాను. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లుగా అడ్డు లేకుండా అనుభవిస్తున్న గాలి, వెలుతురు మీద హక్కు వస్తుంది. ఆ ఇరవై ఏళ్ల అనుభవాన్నీ, ఇప్పుడు జరిగిన నష్టాన్నీ నిరూపించుకోవాలి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ చూపితే గానీ కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని గట్టిగా చెప్పింది. మంచి తీర్పే. కానీ పెళ్లయి కొత్త కోడలు కాపురానికి వచ్చిన ఇంటికి కరెంటు ఆపించమని నేనెట్లా అడుగుతాను?

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ మామూలు పరిమితిని దాటి ఇంటి వెనక ఒక అంతస్తు గది పొడిగించాలంటే కౌన్సిల్ పక్కింటివాళ్లకు రాస్తుంది. చెప్పుకోవడానికి 21 రోజులు. ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే పక్కవాళ్లకు ఇబ్బందా కాదా అన్న పరిశీలనే ఉండదు, పని ముందుకు పోతుంది. ఎవరైనా పెడితే అప్పుడు చూస్తారు. అభ్యంతరం పెట్టినంత మాత్రాన ఆగిపోదు. అదిగాక 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఒకటుంది. ఉమ్మడి గోడ జోలికి పోవాలంటే రెండు నెలల ముందే పక్కవాడికి రాతపూర్వకంగా చెప్పాలి. అమ్మాయి వాళ్లకు ఓసారి అలాంటి ఉత్తరం వస్తే చదివి పక్కన పడేశారట. వాళ్లకు అభ్యంతరం లేదు. అయినా అడిగారన్న తృప్తి ఉంది.

మనకు 21 రోజులు అక్కర్లేదు, ఏడు చాలు. దరఖాస్తు పడగానే, గోడ కలిసిన ఇళ్ల యజమానుల ఫోన్లకు ఆ ప్లాన్ వెళ్లాలి. ఇంటిపన్ను కోసం మా నంబర్లు మున్సిపాలిటీ దగ్గర ఉండనే ఉన్నాయి. బాకీ ఉంటే మెసేజ్ పంపడం బాగానే వచ్చు కదా! ఏ వైపు ఎంత వదులుతున్నారు, పైఅంతస్తు ఎంత ముందుకొస్తుంది, కిటికీలు ఎటు, వాననీళ్లు ఎటు పోతాయి, కింద పిల్లర్లు ఎన్ని అంతస్తులకు వేసినవి అన్నవి తెలుగులో ఉంటే చాలు. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే అభ్యంతరం లేనట్టే. వస్తే టౌన్ ప్లానింగ్ మనిషి ఒకసారి వచ్చి కొలిచి, రాసిపెట్టి పోవాలి.

దీన్ని పక్కింటివాడి అంగీకారంగా మాత్రం మార్చకండి. నేను ఆయనకు పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్ని కాను, కాకూడదు కూడా. సంతకానికి రేటు కట్టేవాళ్లు ప్రతి గల్లీలో ఉంటారు. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి కట్టేవాళ్ల దగ్గర వసూళ్లు చేసే బాపతు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే గోడ కలిసినవాళ్లకు తప్ప మూడో మనిషికి ఇందులో చోటు ఉండొద్దు. వాస్తు అభ్యంతరాలు అసలే తీసుకోవద్దు. మా ఈశాన్యం మూసుకుపోతుందని వచ్చేవే వాటిలో ఎక్కువుంటాయి. 75 గజాల లోపు ఇళ్లనూ వదిలేయండి. అంత చిన్న జాగాలో ఇల్లు నిలబెట్టుకోవడమే గొప్ప, వాళ్లకు ఇంకో మెలిక వద్దు.

ముందు ఏదైనా ఒక్క మున్సిపాలిటీలో ఆరు నెలలు పెట్టి చూడండి. ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో, వాటిలో కొలిస్తే నిజమని తేలినవి ఎన్నో బయటపెట్టండి. ఏడు రోజుల వల్ల పనులు ఆగిపోతున్నాయని తేలితే ఎత్తేయండి, నేనేమీ అనను.

ఇట్లు,
ఉత్తర తెలంగాణలోని ఒక మున్సిపాలిటీలో ఏటా ఇంటిపన్ను కడుతున్న పౌరుడు