అప్పజెప్పడానికి మార్కులెందుకు?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్ లాంటి విదేశీ భాషల తరగతుల్లో విద్యార్థుల చేత ప్రెజెంటేషన్లు ఇప్పించడం మామూలైపోయింది. సెమిస్టర్ చివర్లో ఒక్కొక్కరూ ముందుకొచ్చి పది నిమిషాలు మాట్లాడాలి, దానికి కొన్ని మార్కులు. ఆలోచన మంచిదే. వ్యాకరణం, అనువాదం తప్ప ఇంకేమీ వినపడని క్లాసులో ఆ కాసేపైనా విద్యార్థి గొంతు వినిపిస్తుంది. కానీ అక్కడ చాలావరకు జరుగుతున్నది మాట్లాడటం కాదు, అప్పజెప్పడం. విదేశీ భాష నేర్పే పనిలో ఉన్నవాడిగా నా అభ్యంతరం దాని మీదే.

విద్యార్థులు ముందు తమకు వచ్చిన భాషలో రాసుకుని అనువాద యాప్‌లో వేస్తారు. ఈమధ్య ఆ శ్రమ కూడా లేదు, మొత్తం ఏఐ రాసిపెడుతోంది. వచ్చినదాన్ని బట్టీ పడతారు. అందులో సగం మాటలు క్లాసులో ఎవరికీ తెలియవు, కొన్ని చెప్పేవాళ్లకే తెలియవు. స్లైడ్ వైపు తిరిగి గబగబా చదివేసి కూర్చుంటారు. వెనక బెంచీల వాళ్లు తమ కాగితం మననం చేసుకుంటూ ఉంటారు. టీచర్ ఉచ్చారణ తప్పులు రాసుకుంటారు. చెప్పిన విషయాన్ని విన్నవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

కాలం లెక్క కూడా చూడండి. క్లాసులో 40 మంది ఉంటే, తలా 10 నిమిషాల చొప్పున 400 నిమిషాలు. అంటే ఆరున్నర గంటల పైమాటే. అందులో ఒక్కో విద్యార్థి మాట్లాడేది 10 నిమిషాలు, మిగతా 390 నిమిషాలూ కూర్చోవడమే. వాళ్లనే నలుగురేసి గుంపులు చేస్తే అందరి ప్రెజెంటేషన్లూ 40 నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత గుంపులు మార్చి అదే విషయం మళ్లీ చెప్పించవచ్చు. భాషా బోధనలో 4/3/2 అని పాత పద్ధతి ఒకటి ఉంది. ఒకే విషయాన్ని మొదట ఒకరికి 4 నిమిషాల్లో, తర్వాత మరొకరికి 3 నిమిషాల్లో, ఆ తర్వాత ఇంకొకరికి 2 నిమిషాల్లో చెప్పాలి. ఏం చెప్పాలన్నది మొదటిసారికే తేలిపోతుంది కాబట్టి, తర్వాతి రెండుసార్లూ ఎలా చెప్పాలన్న దాని మీదే దృష్టి ఉంటుంది. వినేవాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లు కాబట్టి చెప్పిందే చెప్పినట్టూ ఉండదు. పది గుంపులు ఒకేసారి మాట్లాడుతుంటే టీచర్ అందరినీ వినలేరన్నది నిజమే. అయితే ప్రతి మాటకూ మార్కు వేయాల్సిందేనా? సాధన ఒక రోజు, మార్కులు ఇంకో రోజు పెట్టుకోవచ్చు.

స్టేజీ ఎక్కితేనే భయం పోతుందని కొందరు అంటారు. నాకు నమ్మకం లేదు. విదేశీ భాషా తరగతిలో కలిగే భయాన్ని కొలవడానికి హార్విట్జ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1986లోనే 33 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఎక్కువ చోటు అందరి ముందూ నోరు విప్పాల్సి రావడం, తప్పు మాట్లాడితే పక్కవాళ్లు ఏమనుకుంటారో అనే టెన్షన్, ఇలాంటివాటిదే. సెమిస్టర్‌కి ఒక్కసారి, అదీ మార్కులు పెట్టి, ఆ టెన్షన్‌లోకి తోస్తే భయం పోదు. బట్టీ పట్టే అలవాటు ఇంకా గట్టిపడుతుంది.

ప్రపంచమంతా రాసే భాషా పరీక్షలు ఎలా ఉన్నాయో చూడండి. 2001లో ఐరోపా మండలి తెచ్చిన భాషా ప్రమాణాల చట్రం ఒక్కరే ఏకధాటిగా మాట్లాడటాన్ని, ఎదుటివారితో సంభాషించడాన్ని వేర్వేరు నైపుణ్యాలుగా చూసింది. ఫ్రెంచ్ భాషకున్న డెల్ఫ్ పరీక్ష బీ2 స్థాయిలో 30 నిమిషాలు సిద్ధం కానిచ్చి, అభిప్రాయం చెప్పనిచ్చి, ఆ వెంటనే పరీక్షకులు దాని మీద వాదనకు దిగుతారు. జర్మన్ భాషకున్న గోథే పరీక్ష బీ1 స్థాయిలో ప్రెజెంటేషన్ అయ్యాక పక్క అభ్యర్థి ప్రశ్న అడగాలి, చెప్పినవాళ్లు జవాబివ్వాలి. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాక, అదే విషయం మీద చర్చ మొదలవుతుంది. మన క్లాసుల్లో మాత్రం చప్పట్లతో సరి.

సిద్ధమై రావద్దని నేననడం లేదు. ఆలోచించుకునే వ్యవధి ఉంటే మాట ధారాళంగా వస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి. పూర్తి పాఠం రాసి తెచ్చుకోవడమే వద్దు. చేతిలో నాలుగైదు ముఖ్యమైన మాటలున్న చీటీ, స్లైడ్ మీద బొమ్మలో లెక్కలో ఉంటే చాలు. మార్కుల్లో కనీసం సగం ప్రశ్నలకు ఇచ్చే జవాబులకు కేటాయించాలి. ప్రశ్న అడిగినవాళ్లకూ మార్కులుండాలి, అప్పుడే వెనక బెంచీ వింటుంది. జవాబులో వ్యాకరణం తప్పినా విషయం అందితే ఎక్కువ మార్కులు కోయకూడదు. తప్పులు దిద్దడానికి మధ్యలో ఆపడం మాత్రం మానాలి. ఆఖరున ఒకటి రెండు ముఖ్యమైనవి చెబితే చాలు.

అప్పుడే భాష మొదలుపెట్టినవాళ్లు ప్రశ్నలకు తట్టుకోలేరని అంటారు. వాళ్లకు ‘ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు’ స్థాయి ప్రశ్నల జాబితా వారం ముందే ఇచ్చి, అందులోంచే అడిగితే సరిపోతుంది. అర్థం కాకపోతే ‘మళ్లీ చెప్పండి’ అని ఆ భాషలోనే అడగడం కూడా జవాబు కిందే లెక్కించాలి. బయట వాళ్లకు మొదట అవసరమయ్యే వాక్యం బహుశా అదే.

ఇదంతా ఒక్క టీచర్ ఇష్టానికి వదిలేస్తే జరగదు. మార్కుల పట్టికలో స్లైడ్ల అందానికీ, సమయపాలనకూ గడులున్నంతకాలం విద్యార్థులు వాటి కోసమే తయారవుతారు. పాఠ్యప్రణాళిక సంఘాలు వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఆ పట్టిక మార్చాలని, కొత్త పట్టికను మొదటి క్లాసులోనే విద్యార్థుల చేతికివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విదేశీ భాషా అధ్యాపకుడు