కీష్‌లో పదకొండు రోజులు

సంపాదకులకు నమస్కారం.

విజిట్ వీసా మీద దుబాయి పోతున్న పిల్లలను మెట్‌పల్లి బస్టాండులో చూసినప్పుడల్లా నాకు కీష్ గుర్తొస్తుంది. దుబాయి నుంచి విమానంలో గంటలోపే చేరుకునే ఇరాన్ దీవి అది. అప్పట్లో అక్కడ దిగడానికి ముందుగా వీసా అక్కర్లేదు. అందుకే విజిట్ గడువు అయిపోయినవాళ్లను కొత్త వీసా వచ్చేదాకా అక్కడికి తోలేవాళ్లు. 2004 మార్చిలో నేనూ వెళ్లాను. అంతకు నెల ముందే, ఫిబ్రవరి 10న, కీష్ నుంచి వస్తున్న విమానం షార్జాలో దిగబోతూ కూలి 43 మంది చనిపోయారు. వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. నేను ఎక్కేది ఆ దారి విమానమేనని ఇంట్లో చెప్పలేదు.

‘రెండ్రోజుల్లో వెనక్కి వచ్చేస్తావు’ అన్నాడు ఏజెంటు. పదకొండు రోజులు పట్టింది. గదిలో ఆరుగురం. పొద్దున లేస్తే రిసెప్షన్‌కి పోయి ‘ఫ్యాక్స్ వచ్చిందా?’ అని అడగడమే పని. వీసా వచ్చినవాళ్ల పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించేవాళ్లు. మా గదిలో ఉన్న కేరళ అన్న తన పేరు కంటే ముందు నా పేరు వెతికేవాడు. దిర్హాములు లెక్కపెట్టుకుని ఒక్క పూటే అన్నం తినేవాళ్లం, రెండో పూట టీలో ముంచుకున్న ఖుబూస్ రొట్టె. సాయంత్రం సముద్రం ఒడ్డుకి నడక. 1966లో ఒడ్డెక్కి ఇరుక్కుపోయిన గ్రీకు ఓడ ఒకటి తుప్పుపట్టి అక్కడే ఉంది. దాని వెనక పొద్దుగూకుతుంటే టూరిస్టులు ఫొటోలు దిగేవాళ్లు. ‘దీనికి కూడా వీసా రాలేదు’ అనేవాడు అన్న. మొదటి నాలుగు రోజులు నవ్వాం.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్‌కి పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉండాలి. విజిట్ మీద పోయినవాడు ఆ లెక్కలోనే ఉండడు. కాగితాల ప్రకారం వాడు టూరిస్టు. కిందపడి నడుం విరిగినా టూరిస్టే. ‘ముందు విజిట్ మీద వెళ్లు, తర్వాత మారుస్తాం’ అనే ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారైనా నాలుగు లైన్లలో ఇది వేయండి. మా ఊళ్లో పేపరు చదవనివాళ్లకి నేను చదివి వినిపిస్తాను.

అన్నట్టు, ఆ పదకొండు రోజుల గది కిరాయి నా మొదటి జీతంలోంచే పట్టుకున్నారు.

– గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక పాఠకుడు, మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా