నాన్న చొక్కాకి ఎడమ చెయ్యి

విజయనగరం,
సిరిమాను పండగ మర్నాడు, బుధవారం పొద్దున్న

ఒరే తొంభై మూడూ,

ముందు తిట్టుకో, తరవాత చదువు. నీ రెండు ఉత్తరాలూ సొరుగులోనే ఉన్నాయి, రెండింటికీ జవాబు బాకీ. మీ బావమరిది ఇవాళ ఖరగ్‌పూర్ బండెక్కుతున్నాడని రాత్రే తెలిసింది. అతను వచ్చేలోగా రాసినంత రాస్తాను.

అమ్మ బాగుంది, మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. అమ్మాయి తొమ్మిదిలోకొచ్చింది. వెనక వరండా పెంకులు మార్పించాం. నువ్వడిగిన స్థలం కాయితాల సంగతి ఇంకా చూడలేదు, వచ్చే వారం తప్పకుండా చూస్తాను. ఇంతే. ఇప్పుడు అసలు సంగతి.

నేను చొక్కా కుట్టానురా! నాన్నకి. కాలరు దగ్గర్నుంచి మణికట్టు పట్టీ దాకా మొత్తం నేనే.

మాఘమాసంలో నాన్నకి ఎడమ పక్క పడిపోయిందని నీకు తెలుసు. ఆ తరవాత ఆయన చొక్కా వేసుకోవడం మానేశారని నీకు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. మాస్టారిని నువ్వు ఎప్పుడైనా ఉత్త బనీనుతో చూశావా? తెల్లటి పొందూరు ఖద్దరు, ఫుల్ చేతులు, మణికట్టు దగ్గర గుండీ, జేబులో ఎర్ర పెన్ను. నిద్రలేచి స్నానం కాగానే అదే వేషం, ఆదివారమైనా సరే. అలాంటి మనిషి ఆరు నెలల పైన బనీను మీద తువ్వాలు కప్పుకుని, ఎవరైనా వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుపోయి గుండెకి ఆనుకుని ఉంటుంది. ఫిజియోథెరపీ కుర్రాడు చెప్పాడు, బాగోలేని చెయ్యే ముందు తొడగాలి, విప్పేటప్పుడు అదే చివర తియ్యాలి, ఎక్కడా లాగకూడదు, లాగితే భుజం కీలు జారుతుందని. అలాగే చేసేవాణ్ణి. కానీ ఉగాది రోజున తొందరలో కాస్త లాగాను. ఆయన అరవలేదు. నా మొహంలోకి చూశారంతే. మర్నాటి నుంచి చొక్కా చూపిస్తే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టారు.

ఎడమ చెయ్యి పూర్తిగా తెరుచుకునేలా చొక్కా కుట్టమని ఇద్దరు టైలర్లని అడిగాను. ఒకాయన అలాంటివి మేం కుట్టం అన్నాడు. రెండో ఆయన సంగతి వదిలెయ్.

శ్రావణంలో మీ చెల్లెలికి లైనింగు గుడ్డ కొనడానికి గంటస్తంభం వెనక సందులో గుడ్డల షాపుకి వెళ్ళాను. మెట్ల పక్కన అట్టముక్క మీద ‘పైన కుట్టు నేర్పబడును’ అని ఉంది. పైనుంచి మిషన్ల చప్పుడు. నాకు ఏమైందో తెలీదు, ఆమెను కింద వదిలేసి పైకెక్కాను. ఆరు మిషన్లు, ఐదుగురు ఆడవాళ్ళు, షాపు ఓనరు అక్కగారు. అందరూ ఆవిణ్ణి అక్క అనే పిలుస్తారు. నాన్న సంగతి చెప్పాను. ఆవిడ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ అంతా విని, "నేను కుట్టిచ్చీగలను గానీ, పాడైన ప్రతిసారీ నా దగ్గరకొస్తావేటి? సాయంత్రం ఆరింటికి రా, నేర్చుకో" అంది.

మొదటి వారం దారమే లేదు. కాయితం మీద గీతలు గీసి, ఉత్త సూదితో ఆ గీత మీదే మిషను తొక్కాలి. పాదాలు రెండూ ఒకే లయలో ఆడకపోతే చక్రం వెనక్కి తిరుగుతుంది. దారం ఎక్కించాక అలా తిరిగితే తెగుతుంది. మూల దగ్గర ఎలా తిరగాలో చెప్పనా? సూది గుడ్డలో దిగి ఉండగానే ఆపి, గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం లేపి, గుడ్డ తిప్పి, మళ్ళీ ఆ పాదం దించాలి. ఇంత చిన్న సంగతి నాకు నలభై రెండేళ్ళకి తెలిసింది. ఇంటికొచ్చి బల్ల అంచు మీద వేలితో చేసి చూపిస్తే అమ్మాయి రెండుసార్లు మళ్ళీ చేయించుకుంది. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరూ అడుగుదారం చుట్టిన బాబిన్‌ని తిడతారు గానీ, చాలాసార్లు పైదారమే బిగువు సరిచేసే టెన్షన్ బిళ్ళల మధ్య సరిగా కూర్చోదు. అక్క ఆ దారాన్ని వేళ్ళతో మీటి చూస్తుంది. బొబ్బిలి వీణ తీగని మీటినట్టు ఉంటుంది.

అక్కడ అందరూ నన్ను అన్నయ్యగారూ అంటారు. ఇద్దరికి కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారు. జాకెట్లు కుట్టి ఇంటి ఖర్చుకి నిలబడాలని వస్తున్నారు. వాళ్ళ చేతులు చూస్తే నాకు గౌరవం కలుగుతుందిరా. ఒకామె అయితే ఆది జాకెట్టు ఒక్కసారి పరిచి, చంక దగ్గర వేలు పెట్టి కొలత చెప్పేస్తుంది. ఆమె గురించి ఇంకో ఉత్తరంలో...

గుడ్డ నాన్న పెట్టెలోదే. రెండున్నర మీటర్ల పొందూరు తెలుపు, నా పెళ్ళినాటికి కొని కుట్టించకుండా దాచుకున్నది. చిన్నప్పుడు మనల్ని పొందూరు తీసుకెళ్ళారు గుర్తుందా? వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతుంటే, ఆ పళ్ళ మీద వేలు పెట్టి చూడబోయి నువ్వు మాస్టారి చేత అక్షింతలు తిన్నావు. అలా ఒక్కో పోగూ చేత్తో తీసిన గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే నా అరచేతులకి చెమటలు పట్టాయి. ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేశాను, కుట్టాక కుంచించుకుపోకుండా.

తెరుపు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చర్చ. నేను చంక కింద అనుకున్నాను. "అక్కడ గుండీలు గుచ్చుకుంటాయి బాబూ, చంటిపిల్లల జుబ్బాకి భుజం మీద ముడులు పెడతాం కదా, అలాగ పైనుంచి తెరువు" అంది అక్క. కాలరు అంచు నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా తెరిచాం. ముప్ఫై అంగుళాలు. రెండున్నర అంగుళాలకొక టిచ్ బటన్. లెక్క వేసి చూడు ఎన్ని వస్తాయో. పదమూడు! అక్షరాలా పదమూడురా, ఏ ఎక్కం తప్పు చెప్పి నీకు తొంభై మూడు పేరొచ్చిందో అదే అంకె, నేను కావాలని చేసింది కాదు. మిషను ముందు కూర్చుని నిన్ను తలుచుకున్నాను.

సోమవారం, సిరిమాను ముందురోజు తొలేళ్ళ రాత్రికి పూర్తి చెయ్యాలని పట్టుబట్టాను. ఊరంతా జనం. మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటు లేదు. అక్క నా కోసం షాపు వెనక తలుపు తీసి ఉంచింది. తొమ్మిదిన్నరకి చేతులు అతికించి చూద్దును కదా, కుడి చెయ్యి మెలి తిరిగి ఉంది. రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. చొక్కా చేతికి చంక ముందు వైపు లోతు ఎక్కువ, వెనక వైపు తక్కువ. గుడ్డ ఎదురెదురుగా పెట్టకుండా ఒకే ముఖంగా పరిచి రెండుసార్లు కత్తిరిస్తే ఇలాగే అవుతుంది. ఇంకో చెయ్యి తీయడానికి గుడ్డ లేదు. నాన్న పదిహేనేళ్ళు దాచుకున్న గుడ్డ. నేనలా కూలబడిపోయాను.

అక్క ఆ చేతిని దీపం కిందకి తీసుకెళ్ళి ఇటు చూసింది, అటు చూసింది. "దీనికి లోపలేది, పైనేది?" అంది.

లేదురా! ఉత్త తెల్ల ఖద్దరుకి పైవైపు, లోవైపు అని లేదు. రెండు పక్కలా ఒకటే నేత. చెయ్యిని తిరగేస్తే ఎడమది కుడిదైపోయింది. బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పి, సూది రంధ్రాలు గోటితో రుద్ది, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ పెట్టాం. రంధ్రాలు కనబడలేదు. ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది.

నిన్న పొద్దున్న స్నానం అయ్యాక చొక్కా తెచ్చాను. తల అడ్డంగా ఊపబోయారు. నేనేమీ మాట్లాడకుండా బటన్లన్నీ టపటపా విప్పి, ఎడమ చెయ్యి మొత్తం తెరిచి చూపించాను. చాలాసేపు చూశారు. వీపు వెనకనుంచి వేసి, ఆ చేతిని కదపకుండానే గుడ్డలో పడుకోబెట్టాను. కుడి చెయ్యి ఆయనే తొడుక్కున్నారు. నేను భుజం దగ్గర బటన్ పెట్టబోతే నా చెయ్యి పక్కకి నెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్కొక్కటే నొక్కుకుంటూ మణికట్టు దాకా వచ్చారు. టప్. టప్. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరిది నొక్కాక నా వైపు తిరిగి, ఇప్పుడు మాట ముద్దముద్దగా వస్తుంది కదా, "తొం... భై... మూడు... కి రాయి" అన్నారు. బటన్లు లెక్కపెట్టుకున్నారన్నమాట!

నేను పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కొచ్చాను.

మధ్యాహ్నం కుర్చీ అరుగు మీద వేయించుకున్నారు. సిరిమానుకి ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు, పాత శిష్యులు ఒకరి తరవాత ఒకరు వచ్చి పలకరించి వెళ్ళారు. దీపాలు పెట్టేదాకా లోపలికి రాలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. జేబు గురించి అక్క అడిగింది. ఇంట్లో కూర్చునే మనిషికి జేబెందుకులే అన్నాను నేను. రాత్రి పడుకోబోతూ నాన్న కుడి చేత్తో గుండె మీద తడుముకున్నారు, ఒకసారి కాదు, మూడుసార్లు. పెన్ను కోసం. అంత మాట నేనెలా అన్నానురా? మిగిలిన ముక్కలో ఐదంగుళాల జేబు వస్తుంది. పెన్నుకి పక్కన సన్నటి అర కూడా వస్తుంది, ఇందాకే కొలిచాను. ఇవాళ సాయంత్రం

మీ బావమరిది వచ్చేశాడు, వీధిలో హారన్ కొడుతున్నాడు. అరిసెల డబ్బా ఇస్తున్నాను, మూత సరిగా పట్టడం లేదు, నిటారుగా పట్టుకోమని చెప్పాను. స్థలం కాయితాలు వచ్చే వారం, ఒట్టు.

నీ
చిన్న మాస్టారు