‘నాటకం’ అన్న మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

కౌమారంలో ఉన్న పిల్లలు తమ శరీరాన్ని తామే గాయపరచుకుంటున్నారని బయటపడగానే ఇంట్లోనూ, బడిలోనూ, ఒక్కోసారి వార్తల్లోనూ వినిపించే మొదటి మాట ‘నాటకం’. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నదాన్నే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఉపాధ్యాయురాలిగా ఉన్న రోజుల్లో, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నోటుపుస్తకం అందించేటప్పుడల్లా చొక్కా చేతిని అరచేతి దాకా లాక్కునేది. నెలల తరబడి చూస్తూ కూడా అదొక అలవాటనుకున్నాను. ఒకరోజు ఆ చొక్కా చెయ్యి పైకి జరిగింది. నేను ఆమెను స్టాఫ్ రూముకు పిలిపించి, నలుగురు టీచర్ల ఎదుట నిలబెట్టి, ‘ఎవరి కోసం ఈ నాటకం?’ అని అడిగి, ఇంకెప్పుడూ చేయనని వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ తరువాత నా కంట పడకుండా జాగ్రత్తపడిందే తప్ప మానలేదని ఏడాది గడిచాక గాని తెలియలేదు. నలుగురి దృష్టిలో పడడానికే చేసిన పనైతే అన్ని నెలలు అంత కష్టపడి దాచడమెందుకన్న చిన్న ప్రశ్న కూడా నాకు తట్టలేదు.

ఈ ప్రవర్తన అరుదైనదేమీ కాదు. వివిధ దేశాల్లో జరిగిన సర్వేలను కలిపి 2014లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, కౌమార వయస్కుల్లో సుమారు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు, చావాలన్న ఉద్దేశం లేకుండానే, తమను తాము గాయపరచుకున్నవారే. నలభై మంది ఉన్న తరగతిలో ఆరేడుగురన్నమాట. ఎక్కువగా పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది. ఉద్వేగాలు ఉప్పెనలా వచ్చిపడే ఆ వయసుకు, వాటికి పగ్గం వేయవలసిన మెదడు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

ఎందుకు చేస్తారన్న ప్రశ్నకు మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ అనే పరిశోధకులు 2004లో, చికిత్స పొందుతున్న పిల్లలనే అడిగి జవాబు వెతికారు. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన సమాధానం, లోపల రగిలే భరించలేని బాధను ఆపడానికని. ఏమీ అనిపించని మొద్దుబారినతనం నుంచి బయటపడి, ఏదో ఒకటి అనిపించడానికని మరికొందరన్నారు. ఇతరులకు ఏదైనా తెలియజేయడానికో, ఏదైనా తప్పించుకోవడానికో చేసేవారూ ఉన్నారు కాని వారి సంఖ్య తక్కువ. ఆ తక్కువ మంది విషయంలోనైనా, మాటతో చెప్పుకోలేక ఒంటితో చెప్పుకున్న పిల్లకు కావలసింది వినే మనిషే కదా. శరీరానికి కలిగిన నొప్పి తగ్గుముఖం పట్టేటప్పుడు మనసులోని బాధ కూడా కాసేపు సద్దుమణుగుతుంది. ఆ ఊరటే మళ్లీ మళ్లీ అటు లాగుతుంది. ఊరట నిలవదు. దాని వెనకే సిగ్గు వస్తుంది, ఆ సిగ్గు మళ్లీ మొదటి బాధనే రగిలిస్తుంది. స్టాఫ్ రూములో నేను చేసిందల్లా ఆ సిగ్గును రెట్టింపు చేయడమే.

అబ్బాయిల విషయంలో మన చూపు ఇంకా మందం. గోడ మీద కోపం తీర్చుకునేవాణ్ణి, ప్రాణం లెక్కచేయకుండా బండి నడిపేవాణ్ణి, తాగి కయ్యాలకు దిగేవాణ్ణి పొగరుబోతన్నాక ఇక అడిగేదేమీ ఉండదు.

తమను తాము గాయపరచుకోవడం ఆత్మహత్యాయత్నంతో సమానం కాదు. అలాగని తేలికగానూ తీసుకోకూడదు; ఇలా పదేపదే గాయపరచుకునే పిల్లలు ఆ తరువాతి కాలంలో ఆత్మహత్యకు ప్రయత్నించే ప్రమాదం మిగతావారికన్నా ఎక్కువ. అందుకే ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కరలేదు. అమెరికాలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అటువంటి కీడేమీ కనబడలేదు. అవునని జవాబు వస్తే మాత్రం ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి.

చికిత్స ఉంది. మార్షా లైనహాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో, ఉద్వేగాన్ని గుర్తుపట్టి పేరు పెట్టడం, అది తగ్గేదాకా ఓర్చుకోవడం విద్యలాగా నేర్పుతారు. కౌమార వయస్కులపై జరిగిన పరీక్షల్లోనూ అది మేలు చేసింది. చిన్న వయసులో తానూ ఇలాగే గాయపరచుకున్నానని ఆవిడ 2011లో బహిరంగంగా చెప్పారు. శిక్షించే పద్ధతులు వాడరాదని వైద్య చికిత్సలు ఎలా ఉండాలో సూచించే బ్రిటన్‌లోని ‘నైస్’ సంస్థ 2022 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఒట్లు, బెదిరింపులు, పదిమందిలో నిలదీయడం శిక్ష కాక మరేమిటి?

ఆ అమ్మాయి పెద్దదయ్యాక ఒకసారి కలిసినప్పుడు, ‘ఆ రోజు మీరు తలుపు వేసి అడిగుంటే చెప్పేదాన్నేమో టీచర్’ అంది. తలుపు వేసి, ముందు గాయం సంగతి చూసి, తరువాత మెల్లగా అడగవలసింది. ఎవరికీ చెప్పనని మాటివ్వకుండా, ఇంట్లో ఏం చెప్పబోతున్నానో ముందుగా ఆమెకే చెప్పవలసింది.

మీ పత్రికకు నా విన్నపం ఇది. ఇటువంటి వార్తల్లో ఎలా చేసుకున్నారన్న వివరం, గాయాల ఫొటోలు వేయకండి. ఆ వయసు పిల్లల్లో ఒకరిని చూసి ఒకరు అనుకరించడం ఉంది. ‘ఫోన్ లాక్కున్నందుకు’ అంటూ ఒక్క కారణాన్ని శీర్షికకెక్కించకండి. మానసిక సహాయవాణి నంబరును ఏ మూలనో కాకుండా ఆ వార్త కిందే, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు