థాయ్‌లాండ్‌లో, హువా హిన్‌లో ఉన్న మా బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నానమ్మ రోజూ పొద్దున్నే నీ సంగతి అడుగుతోంది, నువ్వు ఫోన్ చేశావనే చెబుతున్నాను. నీ గొంతు విని పదకొండు రోజులైంది. నేను మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నావు. మీకు మాకన్నా గంటన్నర ముందు తెల్లవారుతుంది, నేను లేచేసరికే నీ పరుగు అయిపోయి ఉంటుంది. తీరిక ఉండదని తెలుసు. అందుకే ఇది కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను, తీరిగ్గా చదువుకో.

అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. పెద్దత్త వాళ్ళ చిన్నవాడు నీ స్నేహితురాలు పెట్టిన ఫోటో ఏదో చూశాడట, నీ కనుబొమ్మ మీద ప్లాస్టర్ ఉందన్నాడట. పెద్దత్త సంగతి నీకు తెలియనిది కాదు, చీమంత వింటే ఏనుగంత చెబుతుంది. నేను పట్టించుకోలేదు.

మీ ఊరి గురించి చదువుతున్నాను. బ్యాంకాక్‌కి దక్షిణంగా 200 కిలోమీటర్లని, రైలు వచ్చాకే ఆ ఊరికి కళ వచ్చిందని తెలుసుకున్నాను. అక్కడ సముద్రం ఒడ్డున రాజుగారి వేసవి విడిది ఉందట కదా, క్లాయ్ కాంగ్వోన్ అని. ఆ పేరుకి ‘బెంగలకు దూరం’ అని అర్థమట. 1932 జూన్‌లో రాజుగారు ఆ ఇంట్లో ఉండగానే బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి అధికారమంతా పోయింది. అది చదివాక ఆ పేరు నన్ను పట్టుకుని వదలలేదు. ఊరు ప్రశాంతంగా ఉంటుంది, నువ్వేం బెంగ పెట్టుకోకు అని వెళ్ళేటప్పుడు అన్నావు. ఊరు ప్రశాంతమైనదే, కాదనను. నువ్వు అక్కడికి వెళ్ళింది గాలి పీల్చుకోవడానికి కాదు కదమ్మా, ముయ్ థాయ్ అనే ఆ థాయ్ బాక్సింగ్ నేర్చుకోవడానికి.

ముయ్ థాయ్‌లో పిడికిళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, ముంగాళ్ళు, ఎనిమిదింటితోనూ కొడతారని నువ్వు ఉత్సాహంగా చెప్పినప్పుడు నేను ఊ కొట్టాను. ఇప్పుడు చదువుతుంటే తెలిసింది, కనుబొమ్మ దగ్గర చర్మం కింద వెంటనే ఎముకే ఉంటుంది కాబట్టి మోచేయి తగిలితే ఇట్టే చిట్లుతుందట. మామూలు ప్రాక్టీసులో మోచేతులు వాడనివ్వరని నువ్వే అన్నావు. మరి ప్లాస్టర్ ఎందుకు పడిందీ అని కాదు, ఊరికే అడుగుతున్నాను. పోటీకి గానీ దిగావా?

దిగితే దిగావులే, కోప్పడను. బ్యాంకాక్‌లో ముయ్ థాయ్ పోటీలు జరిగే లుంపినీ స్టేడియం 1956లో మొదలైతే, ఆడవాళ్ళు అక్కడి రింగ్‌లో తలపడింది 2021లోనట. అన్నేళ్ళూ వాళ్ళని రింగ్ ముట్టుకోనివ్వలేదట. అది చదివి నాన్నకి కూడా చదివి వినిపించాను. నువ్వు రింగ్ ఎక్కడం తప్పని నేను ఎప్పుడూ అనలేదు, అనను. మీ మాస్టారిని క్రూ అంటారన్నావే, అది మన గురువు అన్న మాటేనట. పోటీకి ముందు గురువుకి దణ్ణం పెట్టి నాట్యంలా చేస్తారని విన్నప్పుడు నాకెంత బాగుందో. నీ మాస్టారు మంచివాడే అయి ఉంటాడు. ఆయనకి అన్నీ చెబుతున్నావా?

మీ పెద్దమామయ్య కర్రసాము సంగతి నీకు సగమే తెలుసు. నాకప్పుడు పదేళ్ళు, మామయ్యకి పదహారు. చెరువు గట్టు కింద సాయంత్రాలు సాము నేర్పేవారు. ఒకరోజు ఎదుటి కుర్రాడి కర్ర జారి మామయ్య ఎడమ చెవి పైన తగిలింది. రక్తం రాలేదు. వచ్చి ఉంటే అందరికీ తెలిసేది. తలకి తువ్వాలు చుట్టుకుని ఇంటికొచ్చాడు. అమ్మమ్మ అడిగితే చెమట పట్టిందన్నాడు. దొడ్లో మొహం కడుక్కుంటుంటే నేను చూశాను, కోడిగుడ్డంత వాపు. చెప్పొద్దని నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. నేను చెప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర చారు గిన్నె ఎత్తి కంచం పక్కన నేల మీద పోశాడు. పోశానని తనకి తెలియలేదు, వట్టి అన్నాన్ని వేళ్ళతో కలుపుతూనే ఉన్నాడు. చారు పారుకుంటూ నా పీట కిందకొచ్చింది. అమ్మమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. లేచి వచ్చి తువ్వాలు విప్పింది. ఒక్క మాట అనలేదు. రాత్రంతా పక్కన కూర్చుని గంటకోసారి లేపి నీ పేరేంట్రా అని అడుగుతూనే ఉంది. తెల్లారేసరికి రెండు వాంతులయ్యాయి. బస్సులో పట్నం తీసుకెళ్తే నాలుగు రోజులు ఉంచేసుకున్నారు. ఇది మానకముందే ఇంకో దెబ్బ పడి ఉంటే పిల్లాడు మీకు దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. మామయ్య మర్నాడే మళ్ళీ సాముకి వెళ్ళేవాడు, చారు ఒలకకపోతే. గురువుగారు నెలన్నర పాటు కర్ర ముట్టనివ్వలేదు. మామయ్య రోజూ వెళ్ళి గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ అడుగులు లెక్కపెట్టి వచ్చేవాడు. బెల్లం సంగతి అమ్మమ్మకి ఆవిడ పోయేదాకా నేను చెప్పలేకపోయాను.

తలకి తగిలితే ఆ రోజుకి ఆపెయ్యి. తలనొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, కడుపులో తిప్పినా మాస్టారితో చెప్పు, ఆసుపత్రికి వెళ్ళు. పూర్తిగా తగ్గేదాకా ఎవరితోనూ తలపడకు. కాలు విరిగితే అతుక్కుంటుంది, తలతో ఆటలొద్దు. చూడు, లెక్చర్ ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను.

చేతులకి చుట్టుకునే పట్టీలు ఏ రోజువి ఆ రోజు ఉతుకు. ఒకరి గ్లవ్స్ ఒకరు వేసుకోవద్దు. మ్యాట్ల మీద అందరి చెమటా కలుస్తుంది, తామర, సెగ్గడ్డలు ఊరికే రావు. ప్రాక్టీస్ అవగానే సబ్బుతో స్నానం చెయ్యి, సముద్రంలో మునిగితే స్నానం అయినట్టు కాదు. ఆ సముద్రంలో కుట్టే జెల్లీ చేపలుంటాయట, కుడితే రుద్దకుండా వెనిగర్ పోయాలట. ఖావో తకియాబ్ కొండ మీద కోతుల పక్కన నిలబడి ఫోటో దిగావు, అది చూసి రెండు రోజులు నిద్రపట్టలేదు. గీరినా కరిచినా ఇంజెక్షన్ వేయించుకోవాల్సిందే. స్కూటర్ ఎక్కితే హెల్మెట్ పెట్టుకో. పొద్దున జోక్ అనే అన్నం జావ తింటున్నానన్నావు. రెండు పూటలా ఒళ్ళు హూనం చేసుకునేదానికి జావ ఏం సరిపోతుంది? రెండు గుడ్లు కూడా వేయమను.

నాన్న ఏమీ అనడం లేదు గానీ రోజూ నీ ఊరి వాతావరణం చూస్తున్నారు. నిన్న అక్కడ వాన అని పెరట్లో మన బట్టలు తీసేశారు.

ఆ కోతుల ఫోటో మళ్ళీ పెద్దది చేసి చూశాను. నీ జుట్టు ఎడమవైపు నుదుటి మీదకి పడి ఉంది. చిన్నప్పటి నుంచి ఒక్క వెంట్రుక మొహాన పడితే విసుక్కునేదానివి, జడ బిగించలేదని నాతో పోట్లాడేదానివి. ఆదివారం మీ ప్రాక్టీసుకి సెలవు కదా. పొద్దున వీడియో కాల్ చెయ్యి, నానమ్మ కూడా ఉంటుంది. జుట్టంతా వెనక్కి దువ్వి జడ వేసుకుని, వెలుతురు మొహాన పడేట్టు కూర్చో.

అమ్మ